భాష కూడా అమానతే



గత మాసంలో ఒకనాడు మగ్రిబ్ నమాజు ముగించుకొని, మద్దిలపాలెంలో మాకు ఆప్తులైన ఒక కుటుంబం ఇంటికి వెళ్లాము. ఆ ఇంటి పెద్దదిక్కు ఒక వృద్ధురాలు. వయస్సు ఎనభై దాటింది. పాతబస్తీలోని పెంకుటిల్లు విడిచి కూతురి ఫ్లాటుకు వచ్చి చాలా కాలమైంది గాని, ఆమె మాట మాత్రం ఆ పెంకుటింటిదే. పదవ తరగతి చదువుతున్న మనుమణ్ణి పిలిచి, "తాక్‌పో మేరీ ఐనక్ హై, లా బాబా" అన్నారు. ఐనక్ అంటే కళ్లజోడని అతనికి తెలుసు. తాక్ అంటే తెలియలేదు. వంటింటిలో నుండి తల్లి, "గూడురా, గోడలో గూడు" అని తెలుగులో చెప్పింది. "గూడు పక్షులకు కదా అమ్మీ ఉండేది?" అన్నాడు ఆ పిల్లవాడు. అందరం నవ్వుకున్నాము. ఆ ఫ్లాటులో అసలు గోడ గూడే లేదు. టీవీ పక్కనున్న చెక్క అరను ఆమె తాక్ అని పిలుచుకుంటున్నారు.

ఆమె కూడా నవ్వారు. కాసేపటికి మా వైపు తిరిగి, తాను పోయాక ఈ ఇంటిలో ఆ మాటను పలికేవారు ఉండరని మెల్లగా అన్నారు. వెంటనే ఏమని బదులు చెప్పాలో మాకు తోచలేదు. ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఒక భాష ఎలా పోతుంది? శత్రువు వచ్చి లాక్కుంటే పోతుందా? లేక ఇంటిలోని వారే, తమకు తెలియకుండానే, దానిని చేజార్చుకుంటారా? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ, నేడు అంతిమ దశలో ఉన్న ఒక అరబ్బీ మాండలికం గురించి ఈ నెల మీతో పంచుకోదలిచాము. అది బాగ్దాదు నగరపు యూదులు మాట్లాడిన అరబ్బీ.

యూదుల అరబ్బీతో మనకేమి పని అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. అరబ్బీ అనగానే మనకు దివ్య ఖుర్‌ఆన్ గుర్తుకు వస్తుంది. అది సహజమే. కాని అరబ్బీ ముస్లింల భాష మాత్రమే కాదు. వేయి సంవత్సరాలకు పైగా అది లక్షలాది యూదులకు, క్రైస్తవులకు కూడా మాతృభాష. యూదులు ఇంటిలో అరబ్బీ మాట్లాడేవారు. వ్రాసేటప్పుడు మాత్రం తమ హీబ్రూ అక్షరాలను వాడేవారు. పదవ శతాబ్దిలో సాదియా గావోన్ అనే యూద పండితుడు తౌరాతును అరబ్బీలోకి అనువదించాడు. సలాహుద్దీన్ అయ్యూబీ కాలపు ఈజిప్టులో ప్రసిద్ధ వైద్యుడు, తత్త్వవేత్త అయిన మూసా బిన్ మైమూన్ తన ప్రధాన తాత్త్విక గ్రంథాన్ని అరబ్బీ భాషలోనే, హీబ్రూ లిపిలో వ్రాశాడు.

ఆ భాష మన దక్షిణ భారతదేశానికి కూడా కొత్తది కాదు. పన్నెండవ శతాబ్దిలో అబ్రహాం బిన్ యీజూ అనే యూద వర్తకుడు ఉత్తర ఆఫ్రికాలోని మహ్దియా నుండి బయలుదేరి, ఏడెన్ రేవు మీదుగా మంగుళూరు చేరి, అక్కడ దాదాపు పదిహేడు సంవత్సరాలు నివసించాడు. మిరియాలు, కంచు పాత్రల వ్యాపారం చేశాడు. అతనికి ఏడెన్ నుండి వచ్చిన ఉత్తరాలు, అతడు వ్రాసుకున్న పద్దులు కైరోలోని ఒక పాత యూద ప్రార్థనాలయంలో భద్రంగా దొరికాయి. వాటి భాష అరబ్బీ, లిపి హీబ్రూ. వాటిలో ముస్లిం, హిందూ వర్తకుల ప్రస్తావనలూ కనిపిస్తాయి. ఒకే సముద్రం మీద, ఒకే వ్యాపారంలో, ఒకరి మాటను ఒకరు నమ్మి బతికిన మనుషుల లోకం అది.

ఇక బాగ్దాదు సంగతి. ఆ నగరంలో ముస్లింలు, క్రైస్తవులు, యూదులు ముగ్గురూ అరబ్బీయే మాట్లాడేవారు. కాని ముగ్గురి పలుకుబడి వేర్వేరు. హైమ్ బ్లాంక్ అనే భాషావేత్త 1964లో ప్రచురించిన గ్రంథంలో ఈ మూడింటినీ వివరంగా పోల్చి చూపాడు. 'నేను చెప్పాను' అనడానికి గ్రాంథిక అరబ్బీలో 'ఖుల్తు' అంటారు. బాగ్దాదు ముస్లింలు దానిని 'గిలిత్' అన్నారు. యూదులు 'ఖెల్తు' అన్నారు. ముస్లింలు తలను 'రాస్' అంటే, యూదులు 'ఘాస్' అనేవారు. రేఫ వారి నోట అనేక పదాల్లో 'ఘైన్' ధ్వనిగా మారింది.

ఈ భేదం వెనుక చరిత్ర ఉంది. 1258లో హులాగూ సైన్యాలు బాగ్దాదును నేలమట్టం చేశాయి. తరువాతి శతాబ్దాలలో చుట్టుపక్కల ఎడారి తెగలవారు నగరానికి వచ్చి స్థిరపడ్డారు. వారి పలుకుబడి క్రమంగా నగర ముస్లింల భాషగా మారింది. యూదులు, క్రైస్తవులు మాత్రం అంతకు మునుపటి పట్టణ అరబ్బీని తమ ఇళ్లలో నిలుపుకున్నారు. అంటే అబ్బాసీ ఖలీఫాల కాలపు నగర భాష ఛాయలు యూదుల ఇళ్లలో, వారి తల్లుల జోలపాటల్లో, సామెతల్లో ఏడు వందల ఏళ్లు బతికాయన్నమాట. మన ఉమ్మత్ చరిత్రలో ఒక భాగాన్ని మన పొరుగువాడు తన ఇంటిలో దాచిపెట్టినట్లయింది. ఇదే మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం.

ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో బాగ్దాదు జనాభాలో సుమారు మూడింట ఒక వంతు యూదులే. ఇరాక్ రాజ్యం ఏర్పడినప్పుడు తొలి ఆర్థికమంత్రి సాసూన్ ఎస్కెల్ యూదుడే. 1932లో కైరోలో అరబ్బు సంగీత మహాసభ జరిగినప్పుడు ఇరాక్ తరఫున పాడినవాడు ముహమ్మద్ అల్ ఖుబ్బాంజీ అనే ముస్లిం గాయకుడు. ఆయన వెనుక కూర్చున్న వాద్యకారులు దాదాపు అందరూ యూదులు.

అటువంటి సమాజం ఇరవై ఏళ్లు తిరగకముందే చెదిరిపోయింది. 1941 జూన్ 1, 2 తేదీలలో, నగరంలో ప్రభుత్వమన్నది లేని ఆ రెండు రోజుల్లో, గుంపులు యూదుల ఇళ్లపై, దుకాణాలపై పడ్డాయి. సుమారు 180 మంది యూదులు హతులయ్యారు. దీనినే 'ఫర్హూద్' అంటారు. ఆ రోజుల్లో తమ యూద పొరుగువారిని ఇళ్లలో దాచి, గుమ్మంలో నిలబడి కాపాడిన ముస్లింలు ఎందరో ఉన్నారు. ఈ రెండు విషయాలనూ చెప్పడమే న్యాయం. మనవారు చేసిన మేలును చాటి, మనవారిలో కొందరు చేసిన దౌర్జన్యాన్ని దాచడం దివ్య ఖుర్‌ఆన్ నేర్పిన సాక్ష్యం కాదు. ఒక జాతిపై ఉన్న కోపం మనల్ని న్యాయం నుండి తప్పించరాదని సూరయె మాయిదాలో స్పష్టమైన ఆదేశం ఉంది.

1948లో ఫలస్తీనులో ఏడు లక్షలకు పైగా అరబ్బులు తమ ఇళ్లు, పొలాలు, తాళంచెవులు చేతబట్టుకొని నిర్వాసితులయ్యారు. ఆ గాయం నేటికీ మానలేదు. దాని వేడిలో ఇరాక్ యూదుల బతుకు మరింత దుర్భరమైంది. 1950 మార్చిలో, పౌరసత్వం వదులుకుంటేనే దేశం విడిచిపోవచ్చునన్న చట్టం వచ్చింది. మరుసటి ఏడాది, అలా పేర్లు నమోదు చేసుకున్నవారి ఆస్తులను ప్రభుత్వం స్తంభింపజేసింది. 1950, 51 సంవత్సరాలలో సుమారు 1,20,000 మంది విమానాలలో ఇజ్రాయెల్‌కు చేరారు. రెండున్నర వేల ఏళ్ల నివాసం రెండేళ్లలో ముగిసింది. ఒకరికి జరిగిన అన్యాయానికి, దానితో సంబంధం లేని మరొకరి నుండి బదులు తీర్చుకోవడం న్యాయం కాదు. బాగ్దాదు బజారులో బట్టలమ్ముకునే యూదుడు ఫలస్తీను రైతు ఇల్లు లాక్కోలేదు.

నిర్వాసితులు అనే మాట మన విశాఖకు కొత్తది కాదు. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలవారు ఊళ్లు విడిచారు. ఆర్ కార్డు చేతబట్టుకొని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తండ్రులను, వారి కొడుకులను మనమెరుగుదుము. ఊరు పోతే ఇల్లు ఒక్కటే పోదు. చెరువు పేరు, పొలం గట్టు పేరు, పండుగనాటి పిలుపు, ఇవన్నీ పోతాయి. వాటితోపాటు వాటికి సంబంధించిన మాటలు కూడా వాడుక తప్పుతాయి.

బాగ్దాదు యూదులకు కూడా ఇదే జరిగింది. కొత్త దేశంలో వారిని మొదట గుడారాల శిబిరాలలో ఉంచారు. అక్కడ హీబ్రూ గౌరవ భాష, అరబ్బీ శత్రువుల భాష. బడికి వెళ్లిన పిల్లలు, వీధిలో తల్లి అరబ్బీలో పిలిస్తే సిగ్గుపడసాగారు. తల్లి అరబ్బీలో అడిగితే బిడ్డ హీబ్రూలో జవాబు చెప్పేవాడు. ఆ బిడ్డ పెద్దయ్యాక తన బిడ్డతో హీబ్రూ తప్ప మరేమీ మాట్లాడలేకపోయాడు. ఏడు వందల ఏళ్లు నిలిచిన మాట రెండు తరాలలో ఇంటి గుమ్మం దాటిపోయింది. నేడు ఆ మాండలికాన్ని ధారాళంగా మాట్లాడేవారు వృద్ధులే. బాగ్దాదులో మిగిలిన యూదులను వేళ్లమీద లెక్కించవచ్చు.

సమీర్ నఖ్ఖాష్ అనే రచయిత గాథ ఇక్కడ చెప్పుకోదగినది. 1938లో బాగ్దాదులో పుట్టి, పదమూడవ ఏట కుటుంబంతో దేశం విడిచాడు. తోటి రచయితలు కొందరు హీబ్రూకు మారినా, అతడు జీవితాంతం అరబ్బీలోనే వ్రాశాడు. తన కథల్లో యూద పాత్రలచేత యూదుల పలుకుబడిలో, ముస్లిం పాత్రలచేత ముస్లింల పలుకుబడిలో మాట్లాడించి, పాఠకుల కోసం అడుగున అర్థాలు ఇచ్చాడు. ఇజ్రాయెల్‌లో ఆ భాష చదివేవారు తక్కువ. అరబ్బు దేశాలలో ఆ పుస్తకాలు దొరకడం కష్టం. చదివేవారు లేకపోయినా వ్రాయడం మానలేదు. 2004లో మరణించాడు.

బలవంతంగా ఊరు విడిచినందువల్లనే ఈ భాష పోయిందని అనుకుంటే, కలకత్తా కథ మన కళ్లు తెరిపిస్తుంది. విశాఖలో సాయంత్రం రైలెక్కితే మరునాటికి చేరే ఆ నగరానికి, అలెప్పో నుండి షాలోం కోహెన్ అనే వర్తకుడు 1798లో వచ్చాడు. ఆయన వెనుక బాగ్దాదు నుండి అనేక కుటుంబాలు వచ్చాయి. వారినే బాగ్దాదీ యూదులు అంటారు. వారి ఇళ్లలో అరబ్బీ, ఉత్తరాలలో అరబ్బీ, లెక్కల పుస్తకాలలో అరబ్బీ. 1878 నుండి 1889 వరకు 'పెరహ్' అనే వారపత్రిక హీబ్రూ లిపిలో, అరబ్బీ భాషలో కలకత్తాలోనే అచ్చయింది. అక్కడ వారిని ఎవరూ తరమలేదు, ఎవరూ అవమానించలేదు. ఆంగ్లేయుల పాలనలో పైకి రావాలంటే ఇంగ్లీషు కావాలని వారే అనుకున్నారు. బడిలో మొదలైన ఇంగ్లీషు భోజనాల వేళకు, ఆ తరువాత నిద్రపుచ్చే వేళకు వచ్చింది. కొన్ని దశాబ్దాలలో అరబ్బీ అవ్వల భాషగా మిగిలింది. స్వాతంత్ర్యం తరువాత చాలామంది ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు, ఇతర దేశాలకు తరలిపోయారు. ఒకప్పుడు వేలలో ఉన్నవారు నేడు పదుల్లో మాత్రమే ఉన్నారు.

అదే కలకత్తాలో మనసుకు ఊరటనిచ్చే దృశ్యం కూడా ఉంది. 1884లో కట్టిన మాగెన్ డేవిడ్ ప్రార్థనాలయాన్ని, అంతకు ముందే కట్టిన బెత్ ఎల్ ప్రార్థనాలయాన్ని తరతరాలుగా ఊడ్చి, తుడిచి, దీపాలు వెలిగించి కాపాడుతున్నవారు ముస్లింలు. మన పొరుగున ఉన్న ఒడిశా నుండి వచ్చిన కుటుంబాలవారు కూడా వారిలో ఉన్నారు. 1881లో యూద బాలికల కోసం స్థాపించిన పాఠశాలలో నేడు చదువుకునేవారిలో అత్యధికులు ముస్లిం బాలికలే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంటిలో మేకను జబహ్ చేసినప్పుడు, యూద పొరుగింటికి పంపారా అని ఆయన మరీ మరీ అడిగినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. కలకత్తాలో తాళంచెవులు మోసే ఆ సామాన్య ముస్లింలు అదే బాటలో నడుస్తున్నారు.

ఇప్పుడు మన ఇంటివైపు చూద్దాము. హైదరాబాదులోని బార్కస్ బస్తీ మీలో చాలామందికి తెలుసు. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. నిజాముల సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బులు అక్కడ స్థిరపడ్డారు. హైదరాబాదులో జమేదారీ చేసి సంపాదించిన ధనంతోనే ఖుఐతీ వంశంవారు హద్రమౌత్‌లో సొంత రాజ్యం నిలుపుకున్నారు. 1948 పోలీసు చర్య తరువాత ఎందరో అరబ్బులను నిర్బంధించారు. కొందరిని ఓడలెక్కించి పంపివేశారు. మిగిలిన కుటుంబాలు ఇక్కడే బతికాయి. నేడు బార్కస్‌లో హరీస్ ఉంది, లుంగీ ఉంది, పేర్లలో 'బిన్' ఉంది, 'బా' ఉంది. కాని తాతలు మాట్లాడిన హద్రమీ అరబ్బీ స్థానంలో దక్కనీ ఉర్దూ వచ్చింది. ఇక్కడా అంతే. పేరు, వంట, దుస్తులు నిలిచాయి. మాట మాత్రం నిలువలేదు.

అరబ్బీ యూదులదీ అయినట్లే, మన తెలుగు కూడా ఒక మతానిది కాదు. దూదేకుల సోదరులకు తెలుగే తల్లిభాష. గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో తమను బెనే ఎఫ్రాయిం యూదులుగా చెప్పుకునే కుటుంబాలకూ తెలుగే తల్లిభాష. దివ్య ఖుర్‌ఆన్‌ను తెలుగు పాఠకులకు తొలిసారి అందించినవారు చిలుకూరి నారాయణరావుగారు అనే హిందూ పండితులు. భాషల, వర్ణాల వైవిధ్యం అల్లాహ్ సూచనలలో ఒకటని సూరయె రూమ్ బోధిస్తున్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశంపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని, భాషను పదిహేను రోజులలోపే నేర్చుకున్నారని హదీసులో వచ్చింది. పరాయి భాషనే శ్రద్ధగా నేర్చుకొమ్మన్న ధర్మంలో, సొంత ఇంటి భాషను నిర్లక్ష్యం చేయడానికి చోటెక్కడిది?

ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. పిల్లల చదువు, ఉద్యోగం దానితో ముడిపడి ఉన్నాయి. కాని కలకత్తా కథ చెబుతున్నదేమిటి? బడి వల్ల ఇంటి భాష పోలేదు. బడి భాషను ఇంటిలోకి కూడా తెచ్చుకుని, పాతదానికి చోటు లేకుండా చేసినందువల్ల పోయింది. కనుక ప్రతి ఇంటిలో కొన్ని పనులు చేయవచ్చు. రాత్రి భోజనాల వేళ ఒక గంట ఇంటి భాషకే కేటాయించండి, అది ఉర్దూ కానివ్వండి, తెలుగు కానివ్వండి. నానీ, దాదీ చెప్పే కథలను, సామెతలను, పెళ్లిపాటలను వారి గొంతులోనే సెల్‌ఫోనులో రికార్డు చేసి భద్రపరచండి. పాత ఉత్తరాలను పారవేయకండి. చదవలేకపోతే చదవగలిగినవారి చేత చదివించి, పక్కన తెలుగులో అర్థం వ్రాయించండి. అన్నిటికంటే ముఖ్యం, పెద్దల పలుకుబడిని పిల్లల ఎదుట హేళన చేయకండి. శిబిరాలలోని పిల్లల నోట అరబ్బీ ఆగిపోవడానికి మొదటి కారణం సిగ్గే.

మొన్న మళ్లీ ఆ ఇంటికి వెళ్లినప్పుడు, సూరయె నూర్‌లో వచ్చే 'మిష్కాత్' అనే పదానికి అర్థం గోడలోని దీపపు గూడేనని ఆ పిల్లవాడికి చెప్పాము. ఉర్దూ అనువాదాలలో అక్కడ కనిపించేది తన నానీ పలికే 'తాక్' అని విన్నాక అతడు ఆశ్చర్యపోయాడు. తరువాత ఒక నోటుపుస్తకం తెచ్చి నానీ పక్కన కూర్చున్నాడు. మేము లేచి వచ్చేసరికి ఇరవై మూడు పదాలు వ్రాశాడు. ఐనక్ ఎక్కడ పెట్టానో మరచిపోయానని ఆమె అంటే, "తాక్‌పో హై నానీ" అని జవాబిచ్చాడు.

మన చేతికి అందిన ప్రతి అమానత్ గురించి ప్రశ్న ఉంటుంది. పెద్దల నోటి నుండి మనకు అందిన మాటను మన పిల్లల చేతికి అప్పగించే సద్బుద్ధిని, ఇల్లు విడిచిన ప్రతి నిర్వాసితుని పట్ల, అతడు ఏ మతస్థుడైనా సరే, న్యాయంగా మాట్లాడే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.